ఏ పాట వేయాలి, వదినా?

కృష్ణానగర్, హైదరాబాదు
9 ఆగస్టు 2004

పూజ్యురాలైన వదినకు,

నమస్కారాలు. "పూజ్యురాలైన" అన్నానని మురిసిపోకు. ఏదో అడగబోతున్నానని నీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ పోయినసారి చేస్తే అన్నయ్య ఎత్తాడు. నా గొంతు వినగానే రిసీవర్ బల్ల మీద పెట్టేసి, "విశాలా, నీకే" అని వెళ్ళిపోయాడు. నువ్వు వంటింట్లోంచి వచ్చేదాకా నేను మీ గోడగడియారం చప్పుడు వింటూ కూర్చున్నాను. అందుకని ఇక నుంచి నీ రేడియో స్టేషన్ చిరునామాకే రాస్తాను. నీకెలాగూ రోజూ బస్తాడు ఉత్తరాలు వస్తాయి కదా, వాటిలో ఇదొకటి.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఐదు నెలలైంది. ఆ రోజు భోజనాల దగ్గర అన్నయ్య "నీ ఇష్టం" అని ఒక్క మాట అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆయన లెక్కల పాఠంలో సున్నాతో భాగిస్తే ఏమవుతుందో, మా ఇంట్లో "నీ ఇష్టం" అంటే అదే.

ఇప్పుడు అసలు సంగతి. నాకు ఉద్యోగం దొరికింది. జూబ్లీహిల్స్‌లో కొత్తగా కట్టిన ఒక క్లబ్బులో డీజేని. అంటే, నువ్వు రేడియోలో చేసే పనే నేను చీకట్లో, పెద్ద చప్పుడుతో చేస్తాను. ఓనరు రఘునందన్ షేక్‌పేట మనిషి. "గీ బండల మీద మా తాత మేకలు మేపిండు తమ్మీ, ఇప్పుడు నేను మనుషుల్ని ఆడిస్తున్న" అంటాడు.

మొదటి శనివారం నా దగ్గరున్న మంచి సరుకంతా తీశాను. ఎవరూ వినని పాటలు. కొన్ని నేను కూర్చినవి. హాలు నిండా జనం, మెడలో కంపెనీ కార్డులు కూడా తీయకుండా వచ్చిన కుర్రాళ్ళు, అమ్మాయిలు. మూడో పాటకి సగం మంది కూర్చున్నారు. ఆరో పాటకి ఫ్లోర్ మీద లైట్లు మాత్రమే తిరుగుతున్నాయి. ఒకడు నా దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "బ్రదర్, మ్యూజిక్ ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగాడు.

రఘన్న కోప్పడలేదు. "నీ పాటలు మంచిగనే ఉన్నయేమో తమ్మీ. గని కూసున్నోడు పల్లీలు తింటడు, ఎగిరినోనికే దూప అయితది. నాకు దూప అయ్యేటోళ్ళు గావాలె" అన్నాడు. దూప అంటే దాహం.

వదినా, పధ్నాలుగేళ్ళుగా జనం కోరిన పాటలు వేస్తున్నదానివి. నువ్వే చెప్పు. విన్న పాటే మళ్ళీ మళ్ళీ వేయడానికి మనిషెందుకు? ఒక టేపు పెట్టి తాళం వేసి పోవచ్చు కదా! వాళ్ళు అడిగింది ఇవ్వాలా, వాళ్ళకి తెలియనిది ఇవ్వాలా?

నీ మరిది,
విహారి

~

కొత్తగూడెం
21 ఆగస్టు 2004

చిరంజీవి విహారికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం పోస్టుకార్డుల మధ్యలోంచి బయటపడింది. మా అటెండరు దాన్నీ చింపి, "అమ్మా, ఇందులో పాట పేరు లేదు" అని పక్కన పెట్టబోయాడు. చూశావా, పాట పేరు రాయని ఉత్తరానికి ఎక్కడైనా ఇదే గతి.

అయ్యో పాపం, ఆరు పాటలకే హాలు ఖాళీ చేయించావా! నేను రేడియోలో ఉన్నాను కాబట్టి జనం లేచిపోవడం నాకు కనపడదు. ఆ అదృష్టం నీకు లేకపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నీలాగే ఉండేదాన్ని. ఒక ఆదివారం కోరినవి పక్కన పెట్టి, నాకు గొప్పగా అనిపించినవి నాలుగు వేశాను. వారం తిరక్కుండా ఒక గని కార్మికుడు కార్డు రాశాడు. "అమ్మా, పొద్దంతా భూమి కింద ఉండి వస్తాం. పైకొచ్చాక తెలిసిన గొంతు ఒకటి వినపడితే, ఇవాళ కూడా బతికొచ్చాం అనిపిస్తుంది. కొత్తవాళ్ళని తర్వాత పరిచయం చేద్దురు గానీ." ఆ కార్డు చదివాక నాకు గొప్పలు పోయాయి. మీ కుర్రాళ్ళూ అంతే కాదూ? వారమంతా ఆ అద్దాల మేడల్లో ఎవరో చెప్పిన పని చేసి వస్తారు. శనివారం కూడా కొత్త పరీక్ష పెడతానంటే ఎలా నాయనా?

ఇల్లందు నుంచి వెంకటేశ్వరరావుగారని ఒకాయన ఉన్నారు. తొమ్మిదేళ్ళుగా ప్రతి వారం ఒకే పాట కోరతారు. భార్య కోసం, పడవ పాట. నేను ఆ కార్డు చదవడం కూడా మానేశాను, చేతిరాత చూసి రికార్డు తీస్తాను. ఆయన కోరడం మానేస్తే నాకే బెంగ పెట్టుకుంటుంది.

నీకొక ఉపాయం చెబుతాను. తెలిసినవి మూడు వేసి, మధ్యలో కొత్తది ఒకటి పెట్టు. నీకు జ్వరం వస్తే మాత్ర అరటిపండులో పెట్టి ఇచ్చేదాన్ని కదా. నువ్వు పండు తినేసి మాత్ర ఉమ్మేసేవాడివి, అది వేరే సంగతి.

అన్నయ్య బాగానే ఉన్నారు. నీ గురించి అడగలేదు. అడగలేదని నాకు రోజూ గుర్తు చేస్తున్నట్టే ఉంటారు.

నీ వదిన,
విశాలాక్షి

~

కృష్ణానగర్
19 సెప్టెంబరు 2004

వదినగారి దివ్య సముఖానికి,

మీ అరటిపండు వైద్యం నాలుగు శనివారాలు చేశాను. జనం పండు తిని మాత్ర ఉమ్మేశారు. తెలిసిన మూడు పాటలకీ పైకప్పు లేచిపోయేలా ఎగిరారు. నాలుగోది మొదలవగానే అందరికీ ఒకేసారి ఫోన్లు గుర్తొచ్చాయి.

పైగా ఎవరి తెలిసిన పాట? సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కాలేజీలో విన్నవి కావాలి. ఫిల్మ్‌నగర్ నుంచి వచ్చేవాళ్ళకి ఎవరి సినిమా పాట వాళ్ళకి కావాలి. పోయిన వారం ఒక నిర్మాతగారి బావమరిది చీటీ మీద చీటీ పంపాడు. అదే పాట నాలుగుసార్లు వేశాను. నాలుగోసారి ఆయనే బయటికి వెళ్ళిపోయాడు.

కానీ నీకొక శుభవార్త. నా కొత్త పాటలకి ఎగిరే మనిషి ఒకరు ఉన్నారు. ఒక్కరే. పేరు మనోజ. సినిమాల్లో గ్రూపు డాన్సరు, మా కృష్ణానగర్‌లోనే రెండు సందుల అవతల ఉంటుంది. హాలంతా కూర్చున్నా ఆమె కూర్చోదు. నేను వేసేది ఎంత వింత పాటైనా సరే, మొదటి దెబ్బకే అందుకుంటుంది. ఆమెను చూసి ఒకరిద్దరు సిగ్గుపడుతూ లేస్తారు.

ఇప్పుడు చెప్పు. వంద మందిని మెప్పించడం గొప్పా, అర్థం చేసుకునే ఒక్కరు దొరకడం గొప్పా? నీ వెంకటేశ్వరరావుగారు నీకుంటే, నాకు మనోజ ఉంది. ఆయన తొమ్మిదేళ్ళుగా ఒకే పాట అడుగుతాడు. ఈమె ఆరు వారాలుగా ఒక్కటీ అడగలేదు!

నేను పాటలు ఎక్కించిన సీడీ ఒకటి దీనితో పంపుతున్నాను. విను. మీ స్టేషన్‌లో దుమ్ము దులిపే గుడ్డ కింద పెట్టకు.

విజయుడైన మీ మరిది,
విహారి

~

కొత్తగూడెం
2 అక్టోబరు 2004

చిరంజీవి విహారికి,

నీ ఉత్తరంలో మనోజ అన్న మాట రెండుసార్లు వచ్చింది. కొత్త సంగీతం అన్న మాట వెతికినా లేదు. చర్చ ఎటు పోతోందో నాకు అర్థమవుతూనే ఉంది.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. ఆరు వారాల్లో ఆ అమ్మాయి ఒక్క పాటా అడగలేదన్నావు. మరి ఆరు వారాల్లో ఆ అమ్మాయికి ఏది నచ్చిందో నువ్వెప్పుడైనా అడిగావా?

సీడీ అందింది. మా ఇంట్లో సీడీ వేసే యంత్రం లేదు, స్టేషన్‌లో ఉన్నది ఇంజనీరుగారి గదిలో ఉంది. తీరిక చూసుకుని వింటాను. నమ్ము.

విశాలాక్షి

~

కృష్ణానగర్
28 నవంబరు 2004

వదినా,

ఈ ఉత్తరం ఎగతాళి చేయకుండా చదువు.

నువ్వు అడగమన్నావని పోయిన ఆదివారం మనోజను అడిగాను. క్లబ్బు ఇంకా తెరవలేదు, మధ్యాహ్నం. నేను తీగలు సర్దుకుంటున్నాను, ఆమె మెట్ల మీద కూర్చుని కాళ్ళకి గుడ్డ చుట్టుకుంటోంది. "నా పాటలంటే నీకెందుకంత ఇష్టం?" అన్నాను. ఎంత ధీమాగా అడిగానో తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

ఆమె నా మొహంలోకి చూసి, "గదేంది, నీకు తెల్వదా?" అంది. "రఘన్న నన్ను పనికి పెట్టుకున్నడు గద. ఫ్లోర్ ఖాళీగ కనపడొద్దని. నువ్వేమేసినా ఎగురుడే నా డ్యూటీ."

నవ్వలేదు పాపం. నేను నవ్వాను, ఏం చేయాలో తెలియక. ఫ్లోర్ ఖాళీ అయిన ఆ మొదటి శనివారం మర్నాడే రఘన్న ఆమెను పిలిపించాడట. నా పరువు కాపాడటానికి మనిషిని పెట్టాడు. నేనేమో ఆ మనిషిని నా అభిమాని అనుకుని నీకు ఉత్తరం రాశాను.

రఘన్నను అడిగితే, "నీ దిల్ ఖరాబ్ అయితదని చెప్పలే" అన్నాడు. తర్వాత కాస్త మెల్లగా, "జనవరి ఆఖరుదాంక చూస్త తమ్మీ. గప్పటికి హాల్ నిండకపోతే బొంబాయి నుంచి ఇంకొకన్ని తెస్త. నువ్వేం మనసుల పెట్టుకోకు" అన్నాడు. ఎలా పెట్టుకోకుండా ఉండాలో చెప్పలేదు.

పాత కంపెనీలో మళ్ళీ మనుషుల్ని తీసుకుంటున్నారు. అక్కడున్న నా స్నేహితుడు నా పేరు ఇస్తానంటున్నాడు. మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. అన్నయ్యకి చెప్పు, సంతోషిస్తాడు.

విహారి

~

కొత్తగూడెం
11 డిసెంబరు 2004

విహారీ,

అన్నయ్యకి నేను చెప్పను. నువ్వు ఓడిపోయావన్న కబురు మోసుకెళ్ళి ఆయన్ని సంతోషపెట్టడం నా వల్ల కాదు. అసలు ఆయన సంతోషిస్తారని నీకెవరు చెప్పారు?

ఎగతాళి చేయొద్దన్నావు. సరే, నీ మీద చేయను. ఈసారి నా మీద చేసుకుంటాను.

పోయిన వారం వెంకటేశ్వరరావుగారి కార్డు వచ్చింది. చేతిరాత చూసి పడవ పాట రికార్డు తీసేశాను. ఎందుకో కార్డు చదివాను. ఇలా ఉంది: "అమ్మా, ఇన్నాళ్ళూ మా ఆవిడకి ఇష్టమని ఆ పాట కోరుతున్నాను. మొన్న మాటల్లో తెలిసింది, ఆవిడకి ఆ పాటంటే మొదటినుంచీ పడదట. నాకిష్టమనుకుని ఓపిగ్గా వింటోందట. నాకూ పెద్ద ఇష్టం లేదు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇప్పుడేం కోరాలో తోచడం లేదు. ఈ ఒక్కసారికి మీకు నచ్చిన పాట వేయండి."

నేనూ నవ్వుకున్నాను. తర్వాత రికార్డుల అల్మారా ముందు నిలబడ్డాను. నాకు నచ్చిన పాట! విహారీ, ఎంతసేపు నిలబడ్డానో తెలుసా? ఒక్కటీ తట్టలేదు. ఏ పాట చూసినా దాన్ని కోరేవాళ్ళ పేర్లే గుర్తొచ్చాయి. ఇది పాల్వంచ వాళ్ళది, ఇది మణుగూరు వాళ్ళది. నాదంటూ ఒక్క పాట లేదు. పధ్నాలుగేళ్ళు అందరి ఆకలీ తీర్చి నా ఆకలేమిటో మర్చిపోయాను. చివరికి టైము దగ్గరపడి పడవ పాటే వేశాను. ఇల్లందులో ఆ దంపతులిద్దరూ ఎంత నిట్టూర్చి ఉంటారో!

నీకు పెద్ద ఆరిందాలా పాఠాలు చెప్పాను. తెలిసిందే ఇవ్వాలని. తెలిసిందంతా ఇష్టమైనదే అయి ఉండదని నాకే తెలియదు.

అందుకని ఇప్పుడు నీకు ఉపాయాలేవీ చెప్పను. ఒక్క పని మాత్రం చెయ్యి. పేరు ఇచ్చే ముందు ఆ అమ్మాయిని మళ్ళీ అడుగు. డ్యూటీ అని తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడు ఇద్దరికీ సిగ్గుపడాల్సిన పని లేదు. డ్యూటీ లేకపోయినా ఏ పాటకి లేచేదో అడుగు. ఆమె చెప్పింది నాకు అబద్ధం కలపకుండా రాయి.

విశాలాక్షి

~

కృష్ణానగర్
6 ఫిబ్రవరి 2005

వదినకు,

ఆలస్యమైంది. నీ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని ఒక వారం తిరిగాను. తర్వాత మనోజను మా సందు చివర ఇరానీ హోటల్లో చాయ్‌కి పిలిచాను. (ఇక్కడ ఆగి నువ్వేదో అంటావని తెలుసు. అనేసి ముందుకి రా.)

"నిజం చెప్పాల్నా, మంచిగుండేటట్టు చెప్పాల్నా?" అంది.

"నిజమే."

"నీ కొత్త పాటల్ల రెండే మంచిగున్నయ్. కడమయన్నీ మాకంటె నీకు ఎక్కువ తెలుసని చెప్పెతందుకు ఏస్తవ్. వింటుంటె సమజ్ అయితది."

నేను చాయ్ కింద పెట్టాను. ఆమె ఆగలేదు. "ఇంకోటి. పాట మార్చేటప్పుడు నువ్వు నీ మిషన్ దిక్కే చూస్తవ్. మేం ఎగురుతున్నమా, ఆగినమా ఎన్నడన్న చూసినవా? మా డాన్స్ మాస్టరు ఎవరి కాలు ఎప్పుడు లేస్తదో చూసి లెక్క చెప్తడు. నువ్వు మా కాళ్ళు చూడవ్."

ఆ రెండు పాటలూ ఏవంటే, ఒకటి మెల్లగా సాగే వేణువు పాట. రెండోది నేను ఆషాఢంలో బోరబండ వెళ్ళినప్పుడు హనుమంతు అనే ఆయన డప్పు వాయిస్తుంటే రికార్డు చేసి, దాని కింద నా బీట్ కలిపినది. అది నాకు చాలా మామూలుగా అనిపించి ఎప్పుడూ చివర్లో వేసేవాణ్ణి, జనం చెప్పులు వెతుక్కునేటప్పుడు.

జనవరి నెలంతా నా సంచిలో కొత్తవి ఈ రెండే. అవును, ఇరవైలోంచి రెండు. తీసేసినవాటిలో నేను ప్రాణంగా చూసుకున్నవి ఉన్నాయి, చెబితే నవ్వుతావు. మిగతా సమయమంతా జనానికి తెలిసినవే. కానీ తల ఎత్తి వేశాను. మొదట్లో భయమేసింది. మనుషులు కనపడతారు కదా! ఎవరు ఏ పాటకి నిజంగా నవ్వుతున్నారో, ఎవరు పక్కవాడి కోసం ఎగురుతున్నారో తెలిసిపోతుంది. ఒళ్ళు బాగా వేడెక్కి, ఏ చప్పుడొచ్చినా కాలు ఆగని ఘడియ ఒకటి వస్తుంది. అది మూడు పాటల తర్వాత రావచ్చు, పదకొండు తర్వాత రావచ్చు. నీ అరటిపండుకి లెక్క ఉంది, దీనికి లేదు.

పోయిన శనివారం ఆ ఘడియ తొమ్మిదింపావుకి వచ్చింది. డప్పు వేశాను. ఒక్క క్షణం అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బార్ దగ్గర గ్లాసులు తుడిచే ఆయన గుడ్డ భుజాన వేసుకుని మొదటి అడుగు వేశాడు. తర్వాత నేనేమీ చేయాల్సిన పని లేకపోయింది. అయిపోగానే మళ్ళీ కావాలని అరిచారు. ఎవరికీ దాని పేరు తెలియదు, "ఆ డప్పుది, ఆ డప్పుది" అని.

రఘన్న వచ్చి, "ఏం జేసినవో తెల్వదు తమ్మీ, గని గిదే చెయ్యి" అన్నాడు. బొంబాయి మాట మళ్ళీ ఎత్తలేదు. మనోజను డ్యూటీ నుంచి తీసేశాడు, ఇక అక్కర్లేదని. దానికి నాకు బాధేసింది. ఆమెకి వెయ్యలేదు. "మంచిగైంది, ఇగ నచ్చకపోతె కూసోవచ్చు" అంది. ఆ మర్నాడే ఆమెకి ఒక సినిమా పాటకి నెల రోజుల పని దొరికింది.

కంపెనీకి పేరు ఇవ్వలేదు.

విహారి

~

కొత్తగూడెం
26 మార్చి 2005

చిరంజీవి విహారికి,

ఇరవైలోంచి పద్ధెనిమిది నీ చేత్తో నువ్వే తీసేశావా! నీ జాతకంలో ఇంత వినయం రాసి ఉందని ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదే.

నా సంగతి కూడా విను. నీ సీడీ విన్నాను. డప్పుదీ వేణువుదీ బాగున్నాయి, ఆ అమ్మాయి చెప్పింది నిజం. మిగతావాటికి తలనొప్పి వచ్చింది, అదీ నిజం. ఆ రోజే అల్మారాలో పైవరస నుంచి మొదలుపెట్టి, ఎవరూ ఎప్పుడూ కోరని రికార్డులు రోజుకి రెండు చొప్పున విన్నాను. ఇరవై రోజులకి ఒక జోలపాట దొరికింది. నాకు నచ్చింది. ఎవరో మెచ్చుకున్నారని కాదు, నాకే. పోయిన ఆదివారం "ఇది నేను కోరిన పాట" అని చెప్పి వేశాను. మూడు కార్డులొచ్చాయి. ఒకాయన తిట్టాడు. ఒకావిడ పాడిందెవరని అడిగింది. మూడోది ఇల్లందు నుంచి: "ఈసారి మాకిద్దరికీ నచ్చింది. ఒకరినొకరు అడిగి మరీ తెలుసుకున్నాం."

అన్నట్టు నీ క్లబ్బు గురించి కొన్ని సందేహాలు. ఎన్నింటికి తెరుస్తారు? ఫుల్ చేతుల చొక్కా, తోలు చెప్పులు వేసుకున్నవాళ్ళని రానిస్తారా? మందు కాకుండా నిమ్మసోడా దొరుకుతుందా? ఊరికే అడుగుతున్నాను. సాధారణ పరిజ్ఞానం కోసం.

విశాలాక్షి

~

కృష్ణానగర్
17 ఏప్రిల్ 2005

వదినా, వదినా,

సాధారణ పరిజ్ఞానమా! ఇంటర్ పేపర్లు దిద్దడానికి అన్నయ్యకి హైదరాబాదులో డ్యూటీ పడిందని ఒక్క ముక్క రాయడానికి నీకు సిరా తక్కువైందా? నువ్వే వస్తావేమోనని ఇన్నాళ్ళూ నేను మంచి కుర్చీ వెతుకుతున్నాను.

జరిగింది విను. నిన్న ఏడున్నరకి అన్నయ్య క్లబ్బు గేటు దగ్గరికి వచ్చాడట. చంకలో సంచి, వేళ్ళ నిండా ఎర్రసిరా. గేటు దగ్గర ఉండే మనిషి ఆపేశాడు. శనివారం జంటగా వస్తేనే లోపలికి.

"నేను లోపల పాటలు వేసే అబ్బాయి అన్నని" అన్నాడట అన్నయ్య.

"గట్ల అందరు చెప్తరు సార్. జంట ఉండాలె."

"నా భార్య కొత్తగూడెంలో ఉందయ్యా!"

"గట్ల గూడ అందరు చెప్తరు సార్."

సరిగ్గా అప్పుడే మనోజ వచ్చింది, షూటింగ్ అయ్యాక, డ్యూటీ కాకుండా, ఊరికే. ఆ ఎర్రసిరా వేళ్ళు చూసి, ఆ ముక్కు చూసి పోల్చుకుందట. నాది అచ్చం అదే ముక్కు అంటుంది. తిన్నగా వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఈ సారు నాతోని వచ్చిండు" అని లోపలికి తీసుకొచ్చింది. ఇరవై మూడేళ్ళుగా లెక్కలు చెబుతున్న మన ప్రభాకరం మాస్టారు, వదినా, జూబ్లీహిల్స్ క్లబ్బులోకి ఒక సినిమా డాన్సర్ జంటగా ప్రవేశించారు. ఫొటో లేకపోవడం నా దురదృష్టం.

నేను తల ఎత్తి వేస్తానన్నాను కదా. ఎత్తగానే మూల కుర్చీలో అన్నయ్య. ముందు నిమ్మసోడా. నిటారుగా, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా.

ఆయన చిన్నప్పుడు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పాడే పాట నా సంచిలో ఉంది. అది వేస్తే చాలని నాకు తెలుసు. సగం తీశాను కూడా. కానీ ఎదురుగా రెండు వందల మంది ఎగురుతున్నారు, వాళ్ళ కాళ్ళు దానికి లేవవు. వాళ్ళని ఆపి అన్నయ్యని బతిమాలుకున్నట్టు అవుతుంది. నేనేం పని చేస్తున్నానో చూడటానికి వచ్చిన మనిషికి నేను పని మానేసి చూపిస్తే ఎలా? లోపల పెట్టేశాను. మామూలుగా శనివారం ఏం వేస్తానో అదే వేశాను. అరగంటదాకా ఆయన ఒక చెవిలో వేలు పెట్టుకునే ఉన్నాడు.

తర్వాత డప్పు. అప్పుడు ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది.

తొమ్మిదిన్నరకి అన్నయ్య లేచి, జనాన్ని తప్పించుకుంటూ నా పెట్టె దగ్గరికి వచ్చాడు. నేను చెవులకున్నవి తీసేశాను. ఆ హోరులో వంగి, అరిచి అడిగాడు.

"ఇందాక డప్పుది ఒకటి వేశావే, ఏ సినిమాలోది?"

"సినిమాలోది కాదన్నయ్యా. బోరబండలో ఒకాయన వాయించాడు. నేను కలిపాను."

"ఊఁ." కాసేపు ఆ మిషన్ కేసి చూశాడు. "మరి అంతసేపు ఎందుకు దాచావు? ముందే వేయచ్చుగా?"

పదమూడు నెలల తర్వాత మొదటి మాటలు, వదినా. ఎందుకు ముందే వేయకూడదో చెప్పడం మొదలుపెట్టాను. ఒళ్ళు వేడెక్కే ఘడియ, కాళ్ళు, అన్నీ. హోరులో ఆయనకి సగం కూడా వినపడి ఉండదు. అయినా మొత్తం విన్నాడు, పిల్లవాడు బోర్డు మీద కష్టమైన లెక్క చేస్తుంటే వెనక నిలబడి చూసినట్టు. మధ్యలో పాట అయిపోవచ్చింది, నేను గమనించలేదు. "ముందు పని చూసుకో" అన్నాడు.

రేపు ఇద్దరం భోజనానికి వెళ్తున్నాం. ఆయనే పిలిచాడు.

నీ మరిది,
విహారి

~

కొత్తగూడెం
3 మే 2005

చిరంజీవి విహారికి,

మీ అన్నయ్య క్షేమంగా చేరారు. క్లబ్బుకి వెళ్ళానని వచ్చీరాగానే చెప్పారు. "పది నిమిషాలు కూర్చున్నాను" అన్నారు. నీ ఉత్తరం ప్రకారం రెండు గంటలు. మీ ఇద్దరిలో ఎవరికి లెక్కలు రావో నేను తేల్చను.

గేటు దగ్గర ఆపారని చెప్పారు. లోపలికి ఎలా వెళ్ళారో మాత్రం చెప్పలేదు. "ఎవరో తెలిసినవాళ్ళు కనపడితే" అన్నారు. "ఓహో, ఎవరు?" అన్నాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు. రెండు రోజులు రోజుకొకసారి అడిగాను, ఆనందంగా గడిచింది. మనోజతో చెప్పు, మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళినందుకు కృతజ్ఞతలని. ఎండాకాలం సెలవుల్లో నేనూ వస్తాను. నన్నెవరు తీసుకెళ్తారో ఇప్పుడే తేల్చుకోండి.

ఆ అమ్మాయి గురించి నువ్వు ఈసారి ఏమీ రాయలేదు. ఏమీ రాయకపోవడమే నాకు చాలా రాసినట్టుంది.

నిన్న సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. పక్కింటి వీరరాఘవయ్యగారు వచ్చారు. వాళ్ళ అబ్బాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. నేను లోపల కాఫీ కలుపుతున్నాను. "మాస్టారూ, మీ తమ్ముడిది ఏ కంపెనీ అన్నారు? మావాడి గురించి ఒక మాట చెప్పిద్దామని" అన్నారాయన. చెంచా పక్కన పెట్టి చెవి అటు వేశాను.

"కంపెనీ కాదండీ" అన్నారు మీ అన్నయ్య. "జూబ్లీహిల్స్‌లో పాటలు వేస్తాడు. జనం ఆడతారు."

వీరరాఘవయ్యగారు కాస్త ముందుకి వంగి, "అంటే... సినిమా పాటలా?" అన్నారు.

మీ అన్నయ్య సంగతి నీకు తెలుసు, తప్పు జవాబు చెప్పలేరు.

"అవి కూడా" అన్నారు. "కానీ కొత్తవి కూడా వేస్తాడు."

నీ వదిన,
విశాలాక్షి